ఐదేళ్ళకని కట్టిన లిబర్టీ ఓడలు పాతికేళ్ళు ఎలా తిరిగాయి?

మీ ప్రశ్న ఇది: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా హడావుడిగా కట్టిన లిబర్టీ సరుకు ఓడలకు ఐదేళ్ళే ఆయుష్షు అనుకున్నారు కదా, మరి వాటిలో చాలా ఓడలు 1960ల దాకా ఎలా నడిచాయి, యుద్ధం అయ్యాక వాటితో ఏం చేశారు?

దీనికి సాధారణంగా వినిపించే జవాబు "ఆ కాలం ఇనుము గట్టిది" అని. నిజం దీనికి సరిగ్గా వ్యతిరేకం. ఆ ఓడల్లో అన్నిటికంటే నమ్మలేనిది ఆ ఉక్కే. అవి నిలబడ్డది రెండు కారణాల వల్ల: కారుచవకగా అమ్మారు, ఎక్కడ చెడితే అక్కడే బాగుచేసుకోగలిగే పాతకాలపు ఇంజను పెట్టారు. ఐదేళ్ళు అన్నది కూడా ఇంజనీరింగు గడువేమీ కాదు, యుద్ధకాలపు లెక్క. సరుకుతో ఒక్కసారి అట్లాంటిక్ దాటినా పెట్టిన డబ్బు దక్కినట్టే అనుకుని కట్టారు.

లిబర్టీలు 2,710 కట్టారు. అన్నీ దాదాపు ఒకే అచ్చు. పొడవు 441 అడుగుల 6 అంగుళాలు, వెడల్పు 57 అడుగులు, మోసే బరువు సుమారు 10,800 టన్నులు, ఐదు హోల్డులు (సరుకు నింపే గదులు), వేగం 11 నాట్లు, అంటే గంటకు 11 నాటికల్ మైళ్ళు. మొదటిది పాట్రిక్ హెన్రీ. 1941 సెప్టెంబరు 27న బాల్టిమోర్‌లో నీళ్ళలోకి దిగింది. నమూనా మాత్రం అమెరికాది కాదు. ఇంగ్లండులోని సండర్లాండ్‌లో జోసెఫ్ ఎల్. థాంప్సన్ యార్డు వాళ్ళ సాదాసీదా ట్రాంప్ ఓడ నుంచి వచ్చింది. ట్రాంప్ అంటే టైంటేబుల్ లేకుండా ఎక్కడ సరుకు దొరికితే అక్కడికి వెళ్ళే ఓడ. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్ళీ సండర్లాండ్ వస్తుంది.

యుద్ధం ముగిసేసరికి అమెరికా ప్రభుత్వం దగ్గర రెండు వేలకు పైగా లిబర్టీలు మిగిలాయి. 1946 మార్చిలో ఓడల అమ్మకం చట్టం వచ్చింది. లిబర్టీ ధర సుమారు 5.44 లక్షల డాలర్లు. కట్టడానికి అయినది దాదాపు 20 లక్షలు, అంటే నాలుగోవంతుకు తెగనమ్మారన్నమాట. పైగా నాలుగోవంతు నగదు, అంటే సుమారు 1.36 లక్షలు కడితే చాలు. మిగతాది 17 ఏళ్ళలో, మూడున్నర శాతం వడ్డీతో. యుద్ధంలో ఓడలన్నీ పోగొట్టుకుని కూర్చున్న గ్రీకు యజమానులు తమ ప్రభుత్వం హామీతో ఇలా ఒక్క విడతలో 100 లిబర్టీలు కొన్నారు. గ్రీసులో ఈనాటికీ వాటిని "దీవెన ఓడలు" అంటారు. ఇటలీ, నార్వే, ఫ్రాన్సు కూడా బాగానే తీసుకున్నాయి. ఆ తరవాత కొరియా యుద్ధంతో కిరాయిలు ఎగిశాయి, 1956లో సూయజ్ కాలువ మూతపడ్డప్పుడు మళ్ళీ ఎగిశాయి. ఇలాంటి రెండు మంచి సీజన్లు చాలు, అప్పు తీరిపోయి ఓడ ఊరికే వచ్చినట్టు.

కొన్నవాడు మొదట చేసే పని ఫిరంగుల గుండ్రటి గూళ్ళు కోసి తీసేయడం, ఓడ నడిపే బ్రిడ్జి గది చుట్టూ పోసిన కవచపు దిమ్మలు పగలగొట్టడం. రెండోది, అసలైనది, పగుళ్ళ పని. ఇది కాస్త వివరంగా చెప్పాలి.

అంతకు ముందు ఓడల పలకల్ని రివెట్లతో అతికేవారు. రివెట్ల ఓడలో ఒక పలక పగిలితే ఆ పగులు పలక అంచున ఆగిపోతుంది, పక్క పలక వేరే ముక్క కాబట్టి. లిబర్టీల్లో వెల్డింగు. వెల్డింగు చేశాక ఓడ మొత్తం ఒకే ముక్క. పగులు మొదలైతే ఆపేవాడు లేడు. 1946 నాటి అమెరికా విచారణ బోర్డు లెక్కలో వెల్డింగుతో కట్టిన 4,694 ఓడలు చూస్తే 970 ఓడల్లో పగుళ్ళు తేలాయి. 8 ఓడలు పూర్తిగా పోయాయి. వెల్డర్లు కొత్తవాళ్ళు, ఆ పనితనం వల్లే అని మొదట అనుకున్నారు. అదీ కొంత ఉంది. కానీ కేంబ్రిడ్జిలో కాన్‌స్టాన్స్ టిప్పర్ అనే లోహ శాస్త్రవేత్త తేల్చిన అసలు సంగతి వేరు: ఆ ఉక్కు ఒక ఉష్ణోగ్రత కంటే చల్లబడితే సాగే గుణం పోయి గాజులా పెళుసవుతుంది. ఉత్తర అట్లాంటిక్ చలికాలపు నీళ్ళు ఆ హద్దుకు కిందే ఉంటాయి. దానికి తోడు హాచ్, అంటే డెక్ మీద హోల్డులోకి తెరిచిన పెద్ద నోరు, దాని మూలలు చదరంగా కోశారు. ఓడ అలల మీద వంగినప్పుడల్లా ఒత్తిడంతా ఆ మూలలో చేరుతుంది. డెక్ పక్క అంచున నిచ్చెన కోసం చేసిన కోత ఇంకో చోటు.

మరమ్మతు పెద్ద విద్యేమీ కాదు. హాచ్ మూలల్ని గుండ్రంగా మార్చి అదనపు పలక వేశారు. నిచ్చెన కోతను తీసేశారు. డెక్కూ పక్కగోడా కలిసే అంచు వెంబడి వెల్డింగును పొడవునా కోసి, ఆ సందు మీద పట్టీ వేసి రివెట్లు కొట్టారు. వెల్డింగు ఓడలో కావాలనే ఒక అతుకు పెట్టారన్నమాట, పగులు అక్కడిదాకా వచ్చి ఆగాలని. ఈ పనులు చేసిన ఓడల్లో పెద్ద పగుళ్ళు బాగా తగ్గాయి. ఉక్కు మాత్రం మారలేదు కాబట్టి చలికాలంలో తేలికగా, ఖాళీగా వెళ్ళే ఓడను తెలివైన కెప్టెన్ తుఫానులో తోలడు, వేగం తగ్గిస్తాడు.

ఇక ఇంజను. 1941కే అది ముసలి సరుకు. మూడు సిలిండర్ల ఆవిరి ఇంజను, వ్యాసాలు 24½, 37, 70 అంగుళాలు, స్ట్రోకు 48 అంగుళాలు. ఒకే ఆవిరి చిన్న సిలిండరు నుంచి పెద్దదానిలోకి వ్యాకోచిస్తూ మూడుసార్లు పని చేస్తుంది. నిమిషానికి 76 చుట్లు, 2,500 గుర్రాల శక్తి, ఇంజను ఒక్కటే 130 టన్నుల పైమాట. బాయిలర్ ఒత్తిడి చదరపు అంగుళానికి 220 పౌండ్లే. టర్బైన్లన్నీ నౌకాదళానికి పోతున్నాయి కాబట్టి ఇది పెట్టారు. పెట్టడమే అదృష్టమైంది. టర్బైన్ పళ్ళచక్రం పగిలితే ఫ్యాక్టరీ నుంచి రావాలి. దీని బేరింగు కరిగితే గ్రీసులోని పిరేయస్‌లోనో, కలకత్తాలోనో, ఏ రేవులోనైనా తెల్లలోహం (బేరింగు లోపల పూసే మెత్తటి లోహం) పోసి గీకి కూర్చోబెట్టే మిస్త్రీ దొరుకుతాడు.

నడుస్తున్న ఇంజనులో బేరింగు వేడిని చూసే పద్ధతి కూడా ఆ కాలానిదే. ఒక చుట్టు తిరగడానికి ముప్పాతిక సెకను పైచిలుకు పడుతుంది. ఆయిలర్ అనే మనిషి క్రాంకు కిందికి దిగే తాళాన్ని పట్టుకుని, దానితోపాటే చేయి ఆడిస్తూ, పైకి లేచే లోపు ఒక్క క్షణం అరచేయి ఆనించి తీసేస్తాడు. చేతికి గోరువెచ్చగా ఉంటే సరే. చురుక్కుమంటే నూనె పెంచాలి, అప్పటికీ తగ్గకపోతే వేగం తగ్గించాలి.

ఈ ఇంజనుకు ఒక జబ్బు ఉంది, పుస్తకాలు చదివినవాళ్ళకు తట్టదు. సిలిండర్లకు పోసిన నూనె కొంత ఆవిరితో కలిసి కండెన్సర్‌కూ (ఆవిరిని చల్లార్చి మళ్ళీ నీరు చేసేది), అక్కడి నుంచి నీళ్ళతో బాయిలర్‌కూ చేరుతుంది. బాయిలర్ గొట్టాల లోపల నూనె పొర కట్టిందంటే వేడి నీటికి అందదు, గొట్టం ఎర్రగా కాలి ఉబ్బి పగులుతుంది. అందుకని నీళ్ళు బాయిలర్‌కు పోయే ముందు ఒక తొట్టిలో వడకడతారు. వడపోతకు వాడింది ఏమిటో తెలుసా? నేతిబీర పీచు. మనం ఒళ్ళు రుద్దుకునేదే. నేతిబీరలో నెయ్యి లేకపోవచ్చు గానీ నూనెను మాత్రం గట్టిగా పట్టేస్తుంది. పీచు నల్లబడి జిడ్డెక్కగానే మార్చాలి. ఖర్చుకు చూసుకుని రెండు ట్రిప్పులు లాగించిన ఓడల్లో తరవాత బాయిలర్ గొట్టాల బిల్లు వచ్చేది.

ప్రొపెల్లర్ షాఫ్టు ఇంకో తలనొప్పి. ఇంజను మామూలుగా నడిచే చుట్ల దగ్గరే షాఫ్టుకు మెలితిరిగే కంపనం వచ్చే వేగం కూడా ఉంది. ఓడ ఖాళీగా ఉన్నప్పుడు ప్రొపెల్లర్ సగం నీళ్ళ పైకి తేలి, గాలిలో వేగంగా తిరిగి, మళ్ళీ నీళ్ళలో పడి దెబ్బ తింటుంది. ప్రొపెల్లర్‌ను బిగించే చోట, అది షాఫ్టు మీద జారకుండా పెట్టే కీ అనే ముక్క కోసం కోసిన గాడి మొదట్లో, సన్నటి పగులు పుడుతుంది. ఉప్పునీరు లోపలికి పోతే అది త్వరగా పెరుగుతుంది. ఒకరోజు నడిసముద్రంలో ప్రొపెల్లర్ ఊడి అడుక్కి పోతుంది. దీనికి చేసినవి: ఆ వేగాన్ని తప్పించి నడపడం, రెక్కల కొసలు కోయడం, ఉప్పునీరు చొరకుండా సీలు సరిచేయడం, ఖాళీగా వెళ్ళేటప్పుడు బరువు నీళ్ళు సరిపడా నింపి వెనక భాగం ముంచడం. ఓడ డ్రైడాక్ (నీళ్ళు తోడేసి ఓడను నిలబెట్టే మరమ్మతు చోటు) ఎక్కినప్పుడల్లా షాఫ్టు లాగి చూడటం తప్పదు.

సరుకు సంగతికి వస్తే, వీటికి బతుకు పెట్టింది ధాన్యం, బొగ్గు, ఎరువులు. మనకు నేరుగా సంబంధం ఉన్నది 1951. ఆ ఏడాది మన దేశంలో తిండిగింజల కొరత. 20 లక్షల టన్నుల ధాన్యం కోసం అమెరికా 19 కోట్ల డాలర్ల అప్పు ఇచ్చింది. ధాన్యం మోయడానికి ఓడలు చాలక లంగరేసి పెట్టిన లిబర్టీలు, వాటి తరవాత కట్టిన విక్టరీ అనే రకం ఓడలు బయటికి తీశారు. తరవాత పి.ఎల్. 480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద వచ్చిన గోధుమలు కూడా చాలావరకు ఈ తరం ఓడల్లోనే వచ్చాయి.

లిబర్టీలో గోధుమ నింపడంలో ఒక చిక్కు ఉంది. హోల్డుల్లో ధాన్యానికి సుమారు 5.6 లక్షల ఘనపుటడుగుల చోటు ఉంది. దూరప్రయాణానికి ఇంధనపు నూనె, నీళ్ళు పోను సరుకు 9,000 టన్నుల పైచిలుకే. టన్ను గోధుమకు 46 ఘనపుటడుగులు వేసుకున్నా 4.2 లక్షలకే ఓడ బరువు నిండిపోతుంది. మిగతాది ఖాళీ. ఓడ ఊగితే ఆ ఖాళీలోకి గోధుమ జారి ఒక పక్కకు చేరుతుంది, చేరితే మళ్ళీ వెనక్కి రాదు. అందుకే హోల్డు మధ్యలో పొడవునా చెక్కలతో అడ్డుగోడ కడతారు. పైన చెక్కతో గరాటులా ఫీడర్ కట్టి అందులో అదనంగా గోధుమ పోస్తారు. ఓడ అదురుకు కింద గింజలు సర్దుకుని రెండు శాతం దాకా కుంగినా పైనుంచి అది దిగి నింపుతుంది. సగమే నిండిన హోల్డులో గింజల్ని చదును చేసి, పలకలు పరిచి, ఆ పైన బస్తాలు వరసగా పేరుస్తారు. చెక్కల ఖర్చు మిగుల్చుకుందామని అడ్డుగోడ పలచగా కట్టిన చోట అది విరిగి ఓడ ఒరిగిపోయేది. దించేటప్పుడు మన రేవుల్లో హోల్డులోకి దిగి గోనెసంచుల్లో నింపి, కుట్టి, విన్చితో పైకి లాగేవారు. ఐదు హోల్డులూ ఖాళీ అవడానికి వారాలు పట్టేది.

లిబర్టీల యుద్ధానంతర చరిత్రలో అన్నిటికంటే ఘోరం 1947 ఏప్రిల్ 16, టెక్సస్ సిటీ. ఓడ పేరు గ్రాన్‌కాన్. యుద్ధంలో బెంజమిన్ ఆర్. కర్టిస్ అనే లిబర్టీ, తరవాత ఫ్రాన్సుకు ఇచ్చారు. కాగితపు సంచుల్లో రెండు వేల టన్నులకు పైగా అమోనియం నైట్రేటు ఎక్కించారు, యూరపు పొలాలకు ఎరువుగా. ఉదయం 8 ప్రాంతంలో 4వ హోల్డులో సంచుల సందుల్లోంచి పొగ కనిపించింది. తాగే నీళ్ళ కూజా, చేతి ఎక్స్‌టింగ్విషర్లతో ప్రయత్నించారు. గొట్టంతో నీళ్ళు కొడితే సరుకు పాడవుతుందని కెప్టెన్ వద్దన్నాడు. హాచ్ పలకలు మూసి, టార్పాలిన్లు కప్పి, హోల్డులోకి ఆవిరి వదిలారు. 9:12కి ఓడ పేలింది. ఒడ్డున చేరిన జనం పోయారు, ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళంలోని 28 మందిలో 27 మంది పోయారు. మర్నాడు అర్ధరాత్రి దాటాక పక్కనున్న హై ఫ్లయర్ అనే ఓడ కూడా పేలింది. మొత్తం కనీసం 581 మంది మృతులు.

ఇక్కడ ఆవిరి ఎందుకు పనిచేయలేదో తెలుసుకోవాలి, ఎందుకంటే ఆ కెప్టెన్ చేసింది ఆనాటి మామూలు పద్ధతే. పత్తి, బొగ్గు అంటుకుంటే హాచ్ మూసి ఆవిరి నింపితే గాలి అందక మంట ఆరుతుంది. నైట్రేటు ఆక్సిజన్‌ను తనలోనే మోసుకొస్తుంది, బయటి గాలితో దానికి పని లేదు. ఆవిరి దాన్ని ఇంకా వేడెక్కించింది, మూసిన హాచ్ లోపలి ఒత్తిడి పెంచింది. ఈ సరుకుకు సరైన పద్ధతి పూర్తిగా వ్యతిరేకం: హాచ్‌లు బార్లా తెరవాలి, సరుకు పోతే పోయిందనుకుని నీళ్ళు కుమ్మరించాలి, అదుపులోకి రాకపోతే అందరూ దూరం పోవాలి. మూడు నెలలు తిరగ్గానే ఫ్రాన్సులో బ్రెస్ట్ రేవు దగ్గర ఓషన్ లిబర్టీ అనే నార్వే ఓడ అదే సరుకుతో పేలింది. ఇందులో లిబర్టీ ఓడ తప్పేమీ లేదు, సంచుల్లో ఏముందో ఓడ మీద చాలామందికి తెలియకపోవడమే తప్పు.

అమ్ముడుపోనివి ఏమయ్యాయంటే, వందల కొద్దీ నదుల్లో, అఖాతాల్లో వరసగా కట్టేశారు. సూయిసన్ బే, జేమ్స్ నది, హడ్సన్ నది వగైరా. బాయిలర్లు ఖాళీ చేసి ఆరబెట్టి, యంత్రాలకు గట్టి నూనె పూసి, ట్యాంకుల్లో నీటి మీద నూనె తేల్చి మెల్లగా నీళ్ళు దించేవారు, గోడలకు నూనె పట్టేలా. హడ్సన్‌లో కట్టేసిన ఓడల్ని 1953 నుంచి 1963 దాకా గోధుమ గోదాములుగా వాడారు. జాన్ డబ్ల్యూ. బ్రౌన్ అనే ఓడను న్యూయార్క్ నగరం 1946 నుంచి 1982 దాకా తేలే బడిగా నడిపింది, పిల్లలు దాని ఇంజను మీదే పని నేర్చుకున్నారు. ఆర్థర్ ఎం. హడెల్ అనే ఓడ సముద్రగర్భ కేబుళ్ళు మోసింది. 1950ల మధ్యలో నాలుగు ఓడల్లో కొత్త ఇంజన్లు పెట్టి చూశారు. జాన్ సార్జంట్‌కు గ్యాస్ టర్బైన్ పెడితే 18 నాట్ల దాకా పరిగెత్తింది. అయినా మిగతావాటికి చేయలేదు, ఓడకంటే మార్పు ఖర్చు ఎక్కువైంది.

చివరికి వీటిని ముంచింది అలలు కాదు, సర్వే బిల్లు. సర్వే అంటే ఓడ సముద్రానికి పనికొస్తుందో లేదో చూసే తనిఖీ. అప్పట్లో నాలుగేళ్ళకోసారి ప్రత్యేక సర్వే. ఓడ ముదిరేకొద్దీ అది కఠినమవుతుంది. పలకలకు చిల్లులు పెట్టి మందం కొలుస్తారు, అరిగిన పలక కోసి కొత్తది వేయాలి. అందులో బ్యాలస్ట్ (బరువు నీళ్ళ) ట్యాంకులు, సరుకు తోడే ఇనుప గ్రాబులు పడి పడి గుంటలైన హోల్డు నేల ముందు పోతాయి. 1957లో కిరాయిలు పడిపోయాక ఈ ఖర్చు గిట్టలేదు. నడిపే లెక్క కూడా చూడండి: 10,000 నాటికల్ మైళ్ళ ప్రయాణానికి 11 నాట్ల లిబర్టీకి 38 రోజులు, రోజుకు 30 టన్నుల దాకా నూనె. 15 నాట్ల డీజిల్ ఓడకు 28 రోజులే. అందుకే 1960ల్లో యజమానులు చివరి సర్వే గడువు దాకా లాగించి, ఆఖరి సరుకుతో దూరప్రాచ్యం వెళ్ళి, అటునుంచటే తైవాన్‌లోనో జపాన్‌లోనో తుక్కుకు అమ్మేసేవారు. వాటి చోటు నింపడానికి వచ్చిన ఎస్‌డీ14 ఓడ 1968లో తయారై దిగింది, అదే సండర్లాండ్‌లో.

ఇప్పుడు చూడదగ్గవి మూడు. బాల్టిమోర్‌లో జాన్ డబ్ల్యూ. బ్రౌన్, శాన్‌ఫ్రాన్సిస్కోలో జెరమయా ఓబ్రయన్, పిరేయస్‌లో హెలాస్ లిబర్టీ పేరుతో ఆ పాత హడెల్. ఓబ్రయన్ సూయిసన్ బేలో 33 ఏళ్ళు పడి ఉండి, 1979లో సొంత ఆవిరితోనే బయటికి వచ్చింది. ఆ నూనె పూత అంత బాగా పనిచేసింది. మన తెలుగువాళ్ళు బే ఏరియాలో బోలెడంతమంది ఉన్నారు కాబట్టి చెప్తున్నా, ఇంజనుకు ఆవిరి పెట్టి తిప్పే రోజులు ముందే కనుక్కుని ఆ రోజే వెళ్ళండి. డెక్ మీద ముందుగా హాచ్ మూలలు చూడండి, గుండ్రంగా ఉన్నాయో లేదో, అదనపు పలక అంచు కనిపిస్తుందో లేదో. తరవాత రేవు గట్టు మీది నుంచి ఓడ పక్కగోడ పైఅంచు చూడండి. ఒళ్ళంతా వెల్డింగైన ఓడకు అక్కడొక్కచోటే రివెట్ల వరస కనిపించిందంటే, పగులు ఆపడానికి వేసిన పట్టీ అదే.